ఇరవై పౌండ్లు తక్కువ

మైలపల్లి లాయిడ్ గరాచర్మ నుంచి పోర్ట్‌బ్లెయిర్ బజారుకు తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరు. పదకొండేళ్లుగా అదే బస్సు, అదే దారి, అదే డ్రైవరు నూకన్న. తండ్రి జీవరాజు ఓడ ఇంజిను గదిలో పనిచేసేవాడు. తనను మనిషిలా చూసిన ఒక ఆఫీసరు పేరు కొడుక్కి పెట్టుకున్నాడు. ఆ పేరు పిలవడం వచ్చింది గానీ, దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో ఆయనకు చివరిదాకా తెలియలేదు. ఆయన పోయాక అద్దె ఇంట్లో మిగిలింది తల్లి గవరమ్మా, లాయిడూ.

ముప్పై రెండేళ్ల వయసులో, 2023 నవంబరులో లాయిడ్‌కు పెళ్లయింది. పెళ్లికూతురు నాన్సీది పక్కనే ఉన్న ప్రోతరాపూర్. ఇద్దరిదీ ఒకటే తెలుగు చర్చి. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు ఒప్పజెప్పేటప్పుడు తెలుగు చదవలేక ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తడబడినవాళ్లే. తర్వాత నాన్సీ మెయిన్‌ల్యాండ్‌లో నర్సింగు చదివి ఇంగ్లండు వెళ్లింది. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోములో ఉద్యోగం. ఐదేళ్లు నిండాక అక్కడే స్థిరంగా ఉండే హక్కు వచ్చింది. అది వచ్చాకే పెళ్లి మాట ఎత్తనిచ్చింది.

పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఉన్నది పద్దెనిమిది రోజులు. వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్టు బయట నాన్సీ ధైర్యంగానే చెప్పింది.

"మూడు నాలుగు నెలల్లో వచ్చేస్తావు. భార్యో భర్తో ఎవరు పిలిపించుకున్నా, ఇంత సంపాదన ఉండాలని ఒక లెక్క ఉంది. ఏడాదికి పద్దెనిమిది వేల ఆరొందల పౌండ్లు. నాకు ఇరవయ్యేడు వేలు దాటి వస్తన్నాది. దిగులేం లేదు."

"మరి నా జీతం?"

"నీది లెక్కలోకి రాదు. అడగరు కూడా."

లాయిడ్‌కు నెలకు పదిహేను వేల రూపాయలు. అది లెక్కలోకి రాదంటే బాధ పడాలో, బరువు దిగిందనుకోవాలో అతనికి తేలలేదు.

మొదటి అడ్డు ఒక్క అక్షరం దగ్గర వచ్చింది. పాస్‌పోర్టులో లాయిడ్ పేరుకు మొదట రెండు ఎల్‌లు ఉన్నాయి. పెళ్లి సర్టిఫికెట్టులో ఒకటే పడింది. ఆఫీసులో గుమాస్తా నవ్వేశాడు. "ఏక్ అక్షర్ హీ తో హై భయ్యా, కౌన్ దేఖేగా?" అన్నాడు. ఒక్క అక్షరాన్ని ఎవరు చూస్తారన్న ఆ మాటే ఫోనులో చెబితే నాన్సీ నవ్వలేదు. "ఇక్కడ చూసేదే అది" అంది.

దాన్ని సరిచేయడానికి అఫిడవిట్ కావాలన్నారు. పాస్టరుగారి ఉత్తరం కావాలన్నారు. చర్చి రిజిస్టరు అసలు ప్రతి తెమ్మన్నారు. అవన్నీ ఇచ్చాక సంతకం పెట్టాల్సిన ఆఫీసరు ఎలక్షన్ డ్యూటీకి వెళ్లాడు. రెండో ఎల్ చేతికొచ్చేసరికి మే నెల అయింది. ఈలోగా ఏప్రిల్ పదకొండు నుంచి అక్కడి లెక్క మారిపోయింది. పద్దెనిమిది వేల ఆరొందలు కాస్తా ఇరవై తొమ్మిది వేలయింది. నాన్సీకి గంటకు పదిహేడున్నర పౌండ్ల చొప్పున వారానికి ముప్పై గంటల పని. ఏడాదికి ఇరవయ్యేడు వేల మూడొందలు. పదిహేడొందలు తక్కువ.

"ఇప్పుడేటి సేద్దాం?" అన్నాడు లాయిడ్.

"ఎక్కువ గంటలు అడుగుతాను. ఎవరైనా మానేస్తేగానీ ఇవ్వరు. అడుగుతాను."

ఆ జూన్‌లోనే గవరమ్మకు కడుపులో గడ్డ ఉందని ఆపరేషను చేశారు. నాన్సీ ఏడాది సెలవంతా ఒక్కసారే పెట్టి నెల రోజులు వచ్చి అత్తగారి మంచం పక్కన పడుకుంది. డాక్టరు చూపించిన రిపోర్టు చదివి మొగుడితో ఒక్క మాటే చెప్పింది. "అత్తమ్మ ఏదడిగితే అది పెట్టు." లాయిడ్‌కు అర్థమైంది. మళ్లీ ఆ విషయం ఇద్దరూ మాట్లాడుకోలేదు.

సెప్టెంబరులో నర్సింగ్ హోములో ఒకామె మానేసింది. నాన్సీకి వారానికి ముప్పై ఆరు గంటలు ఇస్తూ కొత్త కాగితం రాసిచ్చారు. ఏడాదికి ముప్పై రెండు వేల ఏడొందల అరవై. ఇక ఆరు నెలల జీతం చీటీలు, వాటికి సరిగ్గా సరిపోయే బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడితే చాలు. ఫిబ్రవరితో ఆరు నెలలూ పూర్తవుతాయి. నాన్సీ ఉంటున్న గది ఇద్దరికి సరిపోతుందని ఇంటి యజమానురాలి దగ్గర ఉత్తరం కూడా తీసుకుంది.

లాయిడ్ చేయాల్సిన పని ఇంగ్లీషు పరీక్ష. పెద్దది కాదు, పది నిమిషాలు మాట్లాడించి చూస్తారు. అయినా భయమే. పదకొండేళ్లు హిందీలో టిక్కెట్లు అడిగిన నోరు అది. నాన్సీ డ్యూటీకి వెళ్లబోయే ముందు ఫోనులో పాఠం చెప్పేది. లాయిడ్ గట్టిగా ఒప్పజెప్పేవాడు.

"ఐ లివ్ విత్ మై మదర్. షి కుక్స్ ఫిష్."

మంచం మీంచి గవరమ్మ తల తిప్పింది. "ఏటిరా, నా గురించేటి సెప్తన్నావు?"

"నువ్వు సేపల కూర వండుతావని."

"ఒట్టి వండుతాదనేనా? బాగా వండుతాదని సెప్పు."

లాయిడ్ నాన్సీని అడిగి ఇంకో రెండు మాటలు కలిపాడు. "షి కుక్స్ ఫిష్ వెరీ వెల్." అప్పటికి గవరమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి నాలుగు నెలలైంది.

డిసెంబరు రెండో వారంలో ఆమె పోయింది. పొద్దున్న గంజి తాగి, గిన్నె కొడుకు చేతికిచ్చి, అటు తిరిగి పడుకుంది. నాన్సీకి సెలవులు ఏనాడో అయిపోయాయి. మేనేజరు జీతం లేకుండా మూడు వారాలు ఇస్తానన్నాడు. నాన్సీ మారుమాట లేకుండా ఒప్పుకుని విమానం ఎక్కింది. ఆమె దిగేదాకా శవాన్ని ఆసుపత్రిలోనే ఉంచారు.

సమాధుల దగ్గర లాయిడ్‌కు ఏడుపు రాలేదు. రాలేదే అన్న బెంగ కూడా కలగలేదు. ఎవరో మట్టి తీసి చేతిలో పెడితే వేశాడు. ఎవరో కూర్చోమంటే కూర్చున్నాడు. జనం ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుంటుంటే, బస్సులో రద్దీ వేళ చిల్లర అందుకున్నట్టు అందరి చేతులూ అందుకున్నాడు. ఆ రోజు మొదలు అతనికి లోపల ఏదో మొద్దుబారిపోయింది. అన్నం తిన్నాడు, డ్యూటీకి వెళ్లాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు. రుచి తెలియలేదు. నాన్సీ వెళ్లిపోయే రోజు ఆమె ఏడుస్తుంటే, ఈమె ఎందుకు ఏడుస్తోందో తనకు తెలుసు కదా అని మాత్రం అనుకున్నాడు.

జనవరిలో ఓడ మీద మూడు రోజులు ప్రయాణం చేసి చెన్నై వెళ్లాడు. ఒక రోజు టీబీ పరీక్ష, మర్నాడు ఇంగ్లీషు పరీక్ష. చిన్న గది, ఎదురుగా కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. పక్కన తనలాగే పరీక్షకు వచ్చిన తమిళ పిల్ల. ఆ పిల్ల మొగుడు కూడా ఇంగ్లండులోనే ఉన్నాడట. వంతు రాగానే ఆవిడ లాయిడ్‌ను అడిగింది, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారని.

అది నేర్చుకున్న ప్రశ్నే. నోటికొచ్చిన జవాబే.

"ఐ లివ్ విత్ మై మదర్" అన్నాడు లాయిడ్. "షి కుక్స్ ఫిష్ వెరీ వెల్."

ఆవిడ నవ్వింది. ఏం చేపలని అడిగింది. లాయిడ్ రెండు మూడు పేర్లు చెప్పాడు. అమ్మకు ఎంత వయసని అడిగింది. అరవై ఒకటన్నాడు. అన్నీ వర్తమాన కాలంలోనే చెప్పాడు. భూతకాలం ఇంకా నాన్సీ నేర్పలేదు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు. తమిళ పిల్ల పక్కనే నిలబడి, "సూపరా పేసినీంగ అన్నా" అని మెచ్చుకుంది. లాయిడ్ తల ఊపాడు. వారానికి పాసైనట్టు మెయిల్ వచ్చింది.

ఫిబ్రవరి ఆఖరికి కాగితాలన్నీ ఒకచోట చేర్చే పని మొదలైంది. నాన్సీ అక్కడి నుంచి జాబితా పంపుతుంది. గరాచర్మ జంక్షన్‌లో కంప్యూటరు షాపు చిట్టిబాబు ఇక్కడ స్కాన్ చేసి పంపుతాడు. చిట్టిబాబు లాయిడ్ చిన్ననాటి స్నేహితుడు. ఆ దీవిలో సగం మంది పాస్‌పోర్టు ఫారాలు తానే నింపానని గొప్పగా చెప్పుకుంటాడు.

"ఒరే, ఇదొక తమాషా చూడు" అన్నాడు చిట్టిబాబు. "నీ పెళ్లి కాగితంలో పోర్ట్‌బ్లెయిర్ అని ఉంది. మొన్న బ్యాంకోడిచ్చిన లెటర్లో శ్రీ విజయపురం అని ఉంది. ఊరు పేరు మారినాదని ఆ తెల్లోడికి తెలవద్దా? నువ్వు రెండు ఊళ్లల్లో ఉంటన్నావనుకుంటాడు."

"ఏటి సెయ్యమంటావు?"

"రెండూ ఒకటేనని ఒక లెటరు ఎట్టేద్దాం. క్యా జాతా హై, పోయేదేముంది?"

పెట్టారు. తర్వాత ఫొటోలు. పెళ్లి నిజంగా పెళ్లేనని, భార్యాభర్తలు నిజంగా కలిసి ఉంటున్నారని చూపించాలి. పెళ్లి ఫొటోలు చాలవు, పెళ్లి తర్వాతవి కావాలి. లాయిడ్ ఫోను ఇచ్చేశాడు. చిట్టిబాబు వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ పోయాడు. ఆసుపత్రి వరండాలో నాన్సీ టీ గ్లాసు పట్టుకుని ఉన్నది తీసుకున్నాడు. ముగ్గురూ ఇంటి ముందు కూర్చున్నది తీసుకున్నాడు. తర్వాత శవపేటిక ఫొటో వచ్చింది. పెట్టెకు ఒక పక్క లాయిడ్, అతని భుజం మీద చెయ్యి వేసి నాన్సీ. చుట్టూ చర్చి వాళ్లు. చిట్టిబాబు వేలు ఆగింది.

"ఇది... ఒద్దులేరా."

"తేదీ పడిందా దాని మీద?" అన్నాడు లాయిడ్.

"పడింది."

"ఇద్దరం కనిపిస్తన్నామా?"

"కనిపిస్తన్నారు."

"మరి ఎయ్యి. ఇంతకన్నా మంచి ఫొటో లేదు."

కింద రెండు ముక్కలు రాయాలి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరని. చిట్టిబాబు టైపు చేస్తూ చదివి వినిపించాడు. దరఖాస్తుదారు తల్లి అంత్యక్రియలు. ఎడమ నుంచి రెండో వ్యక్తి స్పాన్సరు, అంటే అతని భార్య. పెట్టెలో ఉన్న మనిషి పేరు ఆ ఫారానికి అక్కరలేదు. లాయిడ్ తల ఊపి, ఇంకేమైనా కావాలా అని అడిగాడు.

మార్చిలో ఫీజు కట్టారు. లాయిడ్ మళ్లీ చెన్నై వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చాడు. "పెళ్లాం మొగుణ్ని పిలిపించుకోడమేటో! అక్కడికెల్లి ఏటి సేస్తావురా?" అని నూకన్న స్టీరింగు తిప్పుతూ రోజుకోసారి అడిగేవాడు. ఏదో ఒకటి చేస్తానని లాయిడ్ రోజుకోసారి చెప్పేవాడు.

జూన్ మొదటి వారంలో జవాబు వచ్చింది. నాలుగు పేజీల ఉత్తరం. లాయిడ్ బస్సు స్టాండులో ఖాళీ బస్సులో కూర్చుని మొదటి పేజీ దాకా చదివి, అందులో ఒక్క మాట మాత్రం అర్థమై, నాన్సీకి ఫోన్ చేశాడు. ఆమె అప్పటికే చదివింది.

"కాదన్నారు" అంది.

"ఎందుకంట?"

"నాది నెలజీతం కాదంట. గంటల లెక్క జీతమంట. కాగితంలో ఎంత రాసున్నా ఒప్పుకోరు. ఆరు నెలల్లో నిజంగా ఎంతొచ్చిందో కూడి, దాన్ని రెట్టింపు చేస్తారంట. నేను కాంట్రాక్టు చూసి సరిపోద్దనుకున్నాను. మూడు వారాలు జీతం లేదు కదా. ఇరవై ఎనిమిది వేల తొమ్మిదొందల ఎనభయ్యే వచ్చింది."

"ఎంత తక్కువ?"

"ఇరవై."

"ఇరవై వేలా?"

"ఇరవై పౌండ్లు."

"మన డబ్బుల్లో?"

"రెండు వేల మూడొందలు."

"నెలకా?"

"ఏడాదికి."

ఎవరో ముసలావిడ బస్సెక్కబోయి, ఖాళీగా ఉందని చూసి, బయల్దేరదా అని అడిగింది. ఇంకా పది నిమిషాలుందని లాయిడ్ చెప్పాడు.

ఫోనులో నాన్సీ గొంతు పల్చగా వినిపించింది. "నేను లెక్కేశాను లాయిడ్. ఒక్క షిఫ్టు. ఒక్క రోజు ముందు ఇక్కడికి తిరిగొచ్చేసుంటే సరిపోయేది." ఆ వెంటనే అడిగింది. "ఆఖరి రోజు మనం ఏం చేశాం? ఎంత గుర్తు చేసుకున్నా రావట్లేదు."

లాయిడ్‌కు గుర్తుంది. "అమ్మ దుప్పట్లు ఉతికాం" అన్నాడు. "రెండు దుప్పట్లూ, బొంతా. బొంత బరువుగా ఉంటే ఇద్దరం సెరో కొసా పట్టుకుని పిండినాం."

"ఔను" అంది నాన్సీ.

ఫీజు రెండు లక్షల పైచిలుకు పోయింది. అది తిరిగి రాదు. వైద్యానికని కట్టించుకున్నది మాత్రం వెనక్కిస్తారట. లాయిడ్‌కు కోపం వస్తుందేమోనని తనే ఎదురుచూశాడు. రాలేదు. పది నిమిషాలయ్యాక నూకన్న టీ తాగి వచ్చాడు, బస్సు కదిలింది. లాయిడ్ లేచి ముందు సీటు దగ్గర నుంచి టిక్కెట్లు మొదలుపెట్టాడు. ఆ ట్రిప్పులో ఒక్కరికి కూడా చిల్లర తప్పు ఇవ్వలేదు.

జనవరి నుంచి జూన్ దాకా నాన్సీ ఒక్క షిఫ్టూ మానలేదు. ఫిబ్రవరిలో మెట్ల మీద జారి మడమ వాచినా కట్టు కట్టుకుని వెళ్లింది. ఆ ఆరు చీటీలతో జులైలో మళ్లీ ఫారం నింపారు. టీబీ కాగితానికి ఆరు నెలల గడువు దాటింది. మళ్లీ చెన్నై, మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ వేలిముద్రలు. గతంలో ఎప్పుడైనా వీసా నిరాకరించారా అని ఫారం అడిగింది. ఔనని రాశారు. ఎందుకని అడిగింది. రాశారు. చిట్టిబాబు ఈసారి డబ్బులు తీసుకోలేదు. ఫొటోల ఫోల్డరు అలాగే దాచి ఉంచాడు. మళ్లీ అదే పంపాడు.

అక్టోబరులో ఒప్పుకున్నారు. మెయిల్ వచ్చేసరికి లాయిడ్ రద్దీలో ఉన్నాడు. బస్సు నిండా బడి పిల్లలు. ట్రిప్పు పూర్తయ్యాక చదివాడు. నూకన్నకు చెబితే ఆయన ఇంజిను ఆపి, కిందకి దిగి వచ్చి, లాయిడ్ రెండు చెంపలూ పట్టుకుని ఊపాడు. "నవ్వరా! నవ్వు రాదేటి నీకు?" లాయిడ్ నవ్వాడు. నవ్వాక మొహం నొప్పి పుట్టినట్టనిపించింది.

నాన్సీ ఫోనులో గడువు చెప్పింది. "రెండేళ్ల తొమ్మిది నెలలకే ఇచ్చారు. అది అయ్యేలోగా మళ్లీ జీతం చీటీలు చూపించాలి."

"అప్పుడు నా జీతం కూడా లెక్కలోకి వస్తాదా?"

"వస్తాది. ఇక్కడ పని చేస్తే వస్తాది."

"అయితే సేస్తాను."

అద్దె ఇల్లు ఖాళీ చేశాడు. తల్లి సామాన్లు నాన్సీ వాళ్ల అమ్మగారింట్లో పెట్టాడు. నవంబరు మొదట్లో విమానం ఎక్కాడు. చెన్నైలో ఒకటి మారి, తెల్లవారాక లండన్‌లో దిగాడు. కౌంటరు దగ్గర ఆఫీసరు కాగితాల ఫోల్డరు తెరవనే లేదు. పాస్‌పోర్టు చూసి, ఎవరి దగ్గరికని అడిగి, పంపేశాడు. కాగితాల సంచీ గుండెలకు హత్తుకుని లాయిడ్ అక్కడే రెండు నిమిషాలు నిలబడ్డాడు, వెనకవాళ్లు తప్పుకోమనే దాకా.

అక్కడి నుంచి మూడు గంటల బస్సు. ఆ బస్సులో కండక్టరు లేడు. డ్రైవరే టిక్కెట్టు చూసి, డ్రైవరే సామాను పెట్టాడు. మధ్యాహ్నం ఆ చిన్న ఊళ్లో దిగేసరికి స్టాపు దగ్గర నాన్సీ నిలబడి ఉంది. నర్సు బట్టల మీద కోటు. రాత్రి డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చింది. చివరిసారి చూసినప్పటి కన్నా చిక్కింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కాగితాలన్నీ ఉన్నాయా?" అంది నాన్సీ.

"ఉన్నాయి."

ఆమె సంచీ అందుకోబోయింది. అతను ఇవ్వలేదు. గది దాకా నడిచారు. గది చిన్నదే, కిటికీ లోంచి సముద్రం ఒక ముక్క బూడిదరంగులో కనిపించింది. నాన్సీ టీ పెడతానని కోటు విప్పి, కాసేపని మంచం మీద కూర్చుని, అలాగే ఒరిగి నిద్రపోయింది. కాళ్లకు బూట్లు ఉన్నాయి.

లాయిడ్ కింద కూర్చుని లేసులు విప్పాడు. ఎడమ మడమ ఇంకా కొంచెం వాచే ఉంది. మేజోడు తీసి ఆ వాపు మీద చెయ్యి పెట్టాడు. చర్మం వెచ్చగా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఆమె నాలుగున్నరకు లేచి మళ్లీ డ్యూటీకి వెళ్లాలి. గోడ గడియారంలో ఒంటిగంటన్నర అయింది. లాయిడ్ లేచి, చప్పుడు కాకుండా అలమరాలు ఒక్కొక్కటే తెరిచి బియ్యం కోసం వెతికాడు.